"పిప్పిపళ్ళు లేవు" అని రాసిన కార్డుల గురించి: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక టీచరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రకాశం జిల్లా దర్శి దగ్గర ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ని. మా బడి బీరువాలో పిలకాయల ఆరోగ్య కార్డుల కట్ట ఉంది. పరీక్ష చేసిన రోజు ఎత్తు, బరువు, కళ్ళు, చర్మం అన్నీ రాస్తారు. పళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండే మాటలు: "పిప్పిపళ్ళు ఉన్నాయి", "లేవు". ఉన్నవాళ్ళని పెద్దాసుపత్రికి వెళ్ళమంటారు. లేనివాళ్ళ సంగతి అంతటితో సరి.

నా బాధంతా ఆ "లేవు" అన్న మాటతోనే.

రెండేళ్ళ కిందట మూడో తరగతి పాప ఒకతి వారం రోజులు బడికి రాలేదు. వాళ్ళింటికి వెళ్తే దవడ నిమ్మకాయంత వాచి, లవంగ నూనె దూది నొక్కిపెట్టుకుని పడుకుని ఉంది. "పాలపన్నేగా టీచరమ్మా, ఊడిపోయి మళ్ళీ వస్తది" అంది వాళ్ళమ్మ. అది పాలపన్ను కాదు. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళన్నిటికీ వెనకపక్క వచ్చే దవడపన్ను. దానికి ముందు అక్కడ ఏ పన్నూ ఊడదు కాబట్టి అది వచ్చిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అదే శాశ్వతం, పోతే మళ్ళీ రాదు. వాళ్ళ నాన్న రెండు రోజుల కూలి వదులుకుని ఒంగోలు తీసుకెళ్ళి పీకించుకొచ్చాడు.

ఆ సాయంత్రం బీరువా తెరిచి ఆ పాప ఒకటో తరగతి కార్డు తీసి చూశాను. "లేవు" అని రాసుంది. రాసినవాళ్ళ తప్పేమీ లేదు, ఆరోజు నిజంగానే లేవు. కానీ వాళ్ళ అన్నకి అప్పటికే నాలుగు పళ్ళు పుచ్చాయి. పాప పొద్దున టీలో బిస్కెట్లు ముంచుకుని తిని, నోరు కడుక్కోకుండా బడికొచ్చేది. మధ్యాహ్నం అంగట్లో జెల్లీ బిళ్ళలు. పై ముందు పళ్ళ మీద పాచి నాకే కనపడేది. ఇవన్నీ తెలిసినవే, అడిగినవాళ్ళే లేరు. కార్డులో రాయడానికి చోటూ లేదు.

ఆ తర్వాత తెలిసిన డెంటిస్టు ఒకావిడ దగ్గర కూర్చుని విషయం తెలుసుకున్నాను. పన్ను ఒక్క రాత్రిలో పుచ్చదు. నోట్లో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తుంది. పంటి దగ్గర పీహెచ్ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువని లెక్క) సుమారు 5.5 కన్నా దిగితే పైనున్న గట్టి పొర, ఎనామిల్, కరగడం మొదలవుతుంది. అరగంటో ఇంకాస్త సేపో గడిస్తే లాలాజలం ఆ నష్టాన్ని పూడుస్తుంది. పూడ్చే తీరిక ఇవ్వకుండా గంటగంటకీ నోట్లో ఏదో ఒకటి పడుతుంటే కరిగేదే పైచేయి అవుతుంది. సంక్రాంతికి ఒకేసారి నాలుగు అరిసెలు తిన్నవాడి పళ్ళకన్నా, రోజంతా జేబులో బిళ్ళలు పెట్టుకుని చప్పరించేవాడి పళ్ళకే ముప్పు ఎక్కువ. రంధ్రం పడేముందు చిగుళ్ళ అంచున సున్నం అద్దినట్టు తెల్లని మచ్చ వస్తుంది. ఆ దశలో పట్టుకుంటే ఫ్లోరైడ్ పేస్టుతో, శుభ్రంగా తోముకోవడంతో వెనక్కి మళ్ళించవచ్చు. డ్రిల్లు అక్కర్లేదు.

ఏ పిల్లకి ముప్పు ఎక్కువో ముందే అంచనా వేసే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. స్వీడన్‌లోని మాల్మోలో తయారైన కారియోగ్రామ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం తిండి, బ్యాక్టీరియా, లాలాజలం లాంటి వివరాలు తీసుకుని, కొత్తగా పళ్ళు పుచ్చకుండా ఉండే అవకాశం ఎంతో రంగుల చక్రంలో చూపిస్తుంది. డెన్మార్క్‌లోని నెక్సో అనే చోట 1987 నుంచి పిల్లలందరినీ ఒకే గడువుకి పిలవడం మానేశారు. ఎవరి ముప్పును బట్టి వాళ్ళని పిలుస్తున్నారు. మా బడికి లాలాజల పరీక్షలు కావాలని నేను అడగడం లేదు. ఫోన్లో ఫొటో తీస్తే చెప్పేసే యాప్‌ల మీద నాకంత మోజూ లేదు. ఫొటోలో పన్ను కనపడుతుంది గానీ టీలో బిస్కెట్ కనపడదు కదా.

మా ప్రాంతానికి ఇంకో చిక్కుంది. అది బయటి పుస్తకాల్లో దొరకదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళ మీద చారలు పడతాయి, మరీ ముదిరితే ఎముకలు వంకరపోతాయి. దాన్నే ఫ్లోరోసిస్ అంటారు. 1937లో ఎముకల్ని వంకర తిప్పే ఈ ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వైద్యులు మొదటిగా రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావే, 1970లో ఇటు వచ్చాయి. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా బోరు నీళ్ళు మారవు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా పరవాలేదు అంటాయి మన ప్రమాణాలు. మా పక్క చాలా ఊళ్ళ బోర్లు ఆ గీత ఎప్పుడో దాటాయి.

అందుకే మావాళ్ళలో ఒక మాట ఉంది, "మా పిలకాయలవి గారపళ్ళే గానీ గట్టి పళ్ళు" అని. సగమే నిజం. కాస్త ఫ్లోరైడ్ పంటిని కాపాడుతుంది. మరీ ఎక్కువైతే ఎనామిల్ గుంటలు పడి, ఆ గుంటల్లోనే పాచి చేరి పుచ్చుతుంది. పైగా ఫ్లోరోసిస్ తెల్ల చారలకీ, పుచ్చు మొదలయ్యే తెల్ల మచ్చకీ తేడా తెలియక రెండూ "గార" కిందే పోతున్నాయి. ఫ్లోరోసిస్ చారలు సాధారణంగా పన్నుకి అడ్డంగా, కుడి ఎడమ పళ్ళ మీద జతగా ఉంటాయి. పుచ్చు మచ్చ చిగురు అంచున, పాచి పట్టే చోట, మెరుపు లేకుండా ఉంటుంది. ఒక పూట శిక్షణ ఇస్తే ఏఎన్ఎం అయినా, నాలాంటి టీచరైనా గుర్తుపట్టగలరు.

ఇప్పుడు క్యాన్ నీళ్ళు వచ్చాయి. ఆర్వో ప్లాంటులో ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. ఒకే వీధిలో ఒక ఇంట్లో క్యాను, పక్కింట్లో బోరు, ఆ పక్క సాగర్ నీళ్ళ పంపు. మూడేళ్ళదాకా బోరు నీళ్ళు తాగి తర్వాత క్యానుకి మారిన పిల్లలున్నారు. వాళ్ళకి పళ్ళ మీద చారలూ ఉంటాయి, నీళ్ళ నుంచి అందే కాస్త రక్షణా ఉండదు. ఊరికి ఒక లెక్క రాసి ఇది ఫ్లోరైడ్ ఊరు, ఇది కాదు అనుకునే రోజులు పోయాయి. ఇంటింటికీ అడగాల్సిందే.

ముందే ఒప్పుకుంటాను, ఈ అంచనాలు జాతకాల్లాంటివి కావు, తప్పులూ పోతాయి. ఇప్పటికే ఒక పన్ను పుచ్చి ఉండటమే రేపు ఇంకోటి పుచ్చుతుందనడానికి అన్నిటికన్నా గట్టి గుర్తు. 2002-03లో జరిగిన జాతీయ దంతారోగ్య సర్వేలో 12 ఏళ్ళ పిల్లల్లో సగానికి పైగా, 15 ఏళ్ళవాళ్ళలో నూటికి 63 మందికి పిప్పిపళ్ళు కనపడ్డాయి. అంతమందికి ఉన్నప్పుడు ముప్పున్న నలుగురిని ఏరి మిగతావాళ్ళని వదిలేస్తే నష్టమే. బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు అందరికీ ఇవ్వాలి. చిన్నపిల్లలకి బఠాణీ గింజంత చాలు, మూడేళ్ళ లోపువాళ్ళకి బియ్యపు గింజంత. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఇళ్ళలో పిల్లలు పేస్టు మింగకుండా దగ్గరుండి చూసుకోవాలి. అంచనా వేసేది ఆ పైన ఎవరిని త్వరగా మళ్ళీ చూడాలో తేల్చడానికి.

కొత్త పథకం అడగడం లేదు సార్. పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది, దాని జాబితాలో పిప్పిపళ్ళూ ఉన్నాయి. పిల్లల కార్డులో పళ్ళ గడిని కాస్త వెడల్పు చేయించండి. ఇంట్లో ఇంకెవరికైనా పుచ్చాయా, రోజుకి ఎన్నిసార్లు తీపి, రాత్రి పడుకునేముందు తీపి సిరప్ తాగుతుందా, ముందు పళ్ళ మీద పాచి ఉందా, చిగురు అంచున మచ్చ ఉందా, తాగేది ఏ నీళ్ళు, ఎన్నో ఏటి నుంచి. పిల్లకి మూడు నిమిషాలు చాలు. ముప్పు ఎక్కువని తేలినవాళ్ళని ఏడాది ఆగకుండా మూడు నాలుగు నెలలకే డెంటిస్టు చూసేట్టు, అవసరమైతే ఫ్లోరైడ్ వార్నిష్ పూసేట్టు చేయండి. ఒకటి, రెండు తరగతుల్లో ఆరేళ్ళ పన్ను గాడుల్ని సీలెంటుతో పూడ్చడం, ఆరు, ఏడు తరగతుల్లో పన్నెండేళ్ళ పన్నుకి అదే పని చేయడం మరిచిపోకూడదు. ఊరి నీళ్ళ పరీక్ష ఫలితాలు బడి గోడ మీద రాయిస్తే ఇంకా మంచిది. గోడకి సున్నం, కుంచె ఖర్చు మేమే పెట్టుకుంటాం.

బడిలో ఇచ్చే చిక్కీ ఆపమని మాత్రం అడగను. మా పిలకాయలకి ఆ వేరుశనగ, బెల్లం కావాలి. తిన్నాక నోరు పుక్కిలించి క్లాసులోకి రమ్మంటున్నాను. కుళాయి దగ్గర తోపులాట, సగం మందికి చొక్కాలు తడిసిపోతాయి గానీ అలవాటు పడ్డారు.

ఆ పాప తమ్ముడు ఈ జూన్‌లో మా బడిలో ఒకటో తరగతిలో చేరుతున్నాడు. మొన్న అక్కతో కలిసి వచ్చినప్పుడు నోరు తెరవమన్నాను. కింది దవడలో ఆరేళ్ళ పన్ను అప్పుడే తల ఎత్తుతోంది. వాడి కార్డు ఇంకా రాయలేదు, ఖాళీగానే ఉంది.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
దర్శి ప్రాంతం, ప్రకాశం జిల్లా