సంఘం వార్షిక నివేదిక, 2022–23

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

వరదలు, తుఫాన్లు వచ్చినప్పుడు గోదారి మధ్యనున్న మన లంక జనాన్ని గట్టెక్కించడానికే ఈ సంఘం అని మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ ఏడాది మనకి రెండు గండాలు వచ్చాయి. మే నెలలో అసని తుఫాను తీరం దగ్గరకొచ్చి ఈశాన్యానికి మళ్లుతుందన్నారు, మళ్లలేదు. 11వ తేదీ సాయంత్రం మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటి నీరసపడిపోయింది. ఇన్సాట్ ఉపగ్రహం ఫొటోలు వచ్చినవి వచ్చినట్టు గ్రూపులో పెట్టాం. అరటి తోటలు కొన్ని పడ్డాయి. అంతే.

అసలు సంగతి జూలైది. 16వ తేదీన భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి చేరింది. 1986లో 75.6 వచ్చింది, ఆ తర్వాత అంత ఎత్తు మళ్లీ ఇదే. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. నీరు అదీ దాటింది, బ్యారేజీ నుంచి కిందికి 25 లక్షల క్యూసెక్కుల పైనే వదిలారు. అంత నీరు వస్తే మన కాజ్‌వే ఎప్పుడు మునుగుతుందో మన పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్క కట్టి చెప్తారు. లంకలో ఏ మూల ముందు మునుగుతుందో చెప్పడానికి ఈసారి ముంపు పటం కూడా పెట్టుకున్నాం. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్లు ఉపగ్రహం నుంచి తీసి, భువన్ అనే వెబ్‌సైట్‌లో పెట్టిన పటాన్ని మన కోశాధికారి గారి అబ్బాయి కలర్ ప్రింటు తీయించుకొస్తే, రామాలయం గోడకి అంటించాం.

మబ్బు పట్టిన ఆకాశంలో ఫొటో ఎలా తీశారని చాలామంది అడిగారు. అది కెమెరా ఫొటో కాదు, రాడార్. ఉపగ్రహమే తరంగాలు పంపుతుంది, అవి మబ్బుని దాటుకుని వస్తాయి. గరుకు నేల మీద పడితే కొంత వెనక్కి వెళ్తాయి. నిలిచిన నీరు అద్దంలాంటిది కాబట్టి పక్కకి జారిపోతాయి, అందుకే నీళ్లున్న చోటు నల్లగా కనిపిస్తుంది. మన దగ్గరకొచ్చేసరికి దానికి నీలం రంగు వేసి ఇస్తారు.

ఆ నీలం రంగే మాకు టెన్షన్ తెచ్చిపెట్టింది. పటంలో పడమటి కొబ్బరి తోటల మీద రంగు లేదు. అక్కడున్న నాలుగు కుటుంబాలు "మా వైపు పొడిగానే ఉందిగా" అని పడవ ఎక్కబోమన్నారు. పశువుల్ని వదిలి రావడం ఇష్టం లేక పటాన్ని అడ్డం పెట్టుకున్నారని నా అనుమానం. మన పడవ నడిపే పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. వెదురు గడ పట్టుకుని తోటలోకి దిగాడు. పదడుగులు వేసేసరికి మొల దాకా నీళ్లు. గడని అక్కడే గుచ్చి, తడి గుర్తు మీద వేలు పెట్టి చూపించాడు. అప్పుడు కదిలారు, పశువులతో సహా.

తర్వాత విచారిస్తే తెలిసింది, కొబ్బరి మట్టలు దట్టంగా ఉన్నచోట ఆ తరంగాలు పైనే ఆగిపోతాయట. కింద నీరున్నా పటం పొడి అనే చూపిస్తుంది. ఆ పటానికి వాడిన సీ-బ్యాండ్ అనే రాడార్ తరంగం పొడవు ఐదారు సెంటీమీటర్లే. ఇస్రో, నాసా కలిసి తయారు చేసిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం 2023 మార్చిలో బెంగళూరు చేరింది. దాని ఎల్-బ్యాండ్ తరంగం ఇరవై నాలుగు సెంటీమీటర్లు, ఆకుల్ని దాటుకుని కిందికి బాగా దిగుతుందట. ఈ ఏడాది అది ఇంకా ఎగరలేదు కాబట్టి మనకి గడలే గతి అయ్యాయి. అందుకే వరద తీశాక తోటల్లో స్తంభాల మీద నీటి గుర్తులు కొలిచి, ఫోన్లో లొకేషన్లు తీసుకుని, పటం మీద ఎక్కించాం. ఇది ఈ ఏడాది మన సంఘం చేసిన గొప్ప పని అని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ఆ కాగితాలు ఒక కార్యాలయానికి మూడుసార్లు పట్టుకెళ్లాం. ఫార్మాట్ కుదరలేదన్నారు. ఏ ఫార్మాటో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

డిసెంబరు సమావేశంలో మన రిటైర్డ్ మాస్టారు విపత్తుల వేళ ఉపగ్రహ ఫొటోలు ఇచ్చే ఒప్పందం, అంతర్జాతీయ చార్టర్ గురించి చెప్పారు. అది 2000లో మొదలైంది, ఇస్రో 2001లో చేరింది. సొంత ఉపగ్రహం లేని దేశానికి కూడా విపత్తు వేళ ఫొటోలు ఉచితంగా అందుతాయి. 2019లో ఇడాయ్ తుఫానుకి మొజాంబిక్‌కి అలాగే అందాయి. "వాళ్లకీ కొబ్బరి తోటలుంటాయి కదండీ, మరి అక్కడ గడ ఎవరు గుచ్చారు?" అని వెనక నుంచి ఒకావిడ అడిగింది. మాస్టారు నవ్వేసి కూర్చున్నారు.

మే నెల శిక్షణలో పేర్లిచ్చిన కుర్రాళ్ల సంగతి రాయకూడదనుకున్నాను. జూలైలో సగం మంది ఫోన్లు స్విచాఫ్. ఇద్దరు ఏటిగట్టు మీద సెల్ఫీలు తీసుకుంటూ కనిపించారు. వచ్చినవాళ్లు మాత్రం మూడు రాత్రులు కంటి మీద కునుకు లేకుండా పనిచేశారు.

పడవ పెద్దాయనకి, డీజిల్ అప్పిచ్చిన బంకు వారికి, భోజనాలు వండిన డ్వాక్రా అక్కలకి, పశువులకి గడ్డి పంపిన గట్టు అవతలి ఊరి రైతులకి, ప్రింటు తెచ్చిన అబ్బాయికి, రామాలయం తాళాలిచ్చిన పూజారి గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. ఎక్కువ ఖర్చు పడవకి, డీజిల్‌కి అయింది. రసీదులన్నీ ఉన్నాయి, ఒకటి మాత్రం వరదలో తడిసి చదవడానికి వీలు కాకుండా ఉంది.

జూన్ లోపల స్తంభాల మీద గుర్తులకి మళ్లీ రంగు వేయాలి. పెయింటు డబ్బాలు సంఘం గదిలో ఉన్నాయి, వేసేవాళ్లు కావాలి. పేర్లిచ్చేవాళ్లు ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి