తొట్లకొండ మలుపులో ఆగిపోయిన లారీకి పని చేసింది మేమే

మొన్న శనివారం సాయంత్రం భీమిలి బీచ్ రోడ్డులో, తొట్లకొండ మలుపు దగ్గర, పూలదండలు కట్టిన పాత డాడ్జ్ లారీ ఒకటి ఆగిపోయింది. ఆ వీడియో మీలో చాలామంది ఫోన్లకి ఈపాటికి చేరే ఉంటుంది. వెనక బాడీలో సన్నాయి మేళం, క్యాబిన్‌లో తలపాగాతో పెళ్లికొడుకు, తెరిచిన బానెట్‌లోకి దూరిన బట్టతల ఒకటి కనిపిస్తాయి. ఆ బట్టతల నాదే. ఆ లారీకి వైరింగూ డీజిల్ మీటరూ చేసింది మన షాపే. ఆటోనగర్ టీకొట్టు దగ్గర తలో కథా చెప్పుకుంటున్నారట. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. మూడు వారాలుగా మీ బళ్లు ఆలస్యమవడానికి కారణం కూడా ఈ లారీయే కాబట్టి, అడిగే హక్కు మీకుంది.

లారీ 1960ల నాటిది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసిన డాడ్జ్, ఆరు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ ఇంజను. పెదగంట్యాడ వైపు ఒక పెద్దాయనది. వాళ్ల నాన్నగారు అనకాపల్లి నుంచి బెల్లం దిమ్మలు తోలిన బండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, ఆ తర్వాత చాలాకాలం ఉప్పుగాలికి అలాగే నిలబడింది. మనవడి పెళ్లికి దాన్ని తిప్పాలని ఆయన పట్టుదల. ఇంజను పని వేరే మేస్త్రీ చేశాడు, బాగా చేశాడు. నా దగ్గరికి వచ్చిన కంప్లయింట్ ఒక్కటే: డీజిల్ మీటరు ముల్లు తిన్నగా నిలబడదు, బ్రేకు తొక్కితే ఊగుతుంది.

రెండు రోజుల పని అన్నాను. 23 రోజులు పట్టింది.

బ్రేకు తొక్కితే ముల్లు ఊగుతోందంటే నూటికి తొంభైసార్లు ఎర్త్ జబ్బే, అంటే కరెంటు ఛాసిస్ (బండి చట్రం) మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి చెడిందన్నమాట. ఈ లారీలో బ్రేక్ లైటుకీ, డీజిల్ ఎంతుందో మీటరుకి చెప్పే ట్యాంకు యూనిట్‌కీ వెనక ఛాసిస్ మీద ఒకటే ఎర్త్ బోల్టు. ఆ బోల్టు కింద తుప్పు. లైటు వెలిగినప్పుడు దాని కరెంటుకి సరైన దారి దొరక్క మీటరు లెక్క కూడా చెడగొడుతుంది. మల్టీమీటర్ పెడితే 18 ఓమ్‌లు (కరెంటుకి అడ్డు ఎంతుందో చెప్పే లెక్క) చూపించింది. అక్కడ ఒక ఓమ్ కూడా ఉండకూడదు. గీకి, వైరు చివర కొత్త లగ్ (బోల్టుకి బిగించే రింగు) వేసి, ట్యాంకుకి విడిగా ఒక ఎర్త్ వైరు లాగాను. గంట పని. ముల్లు ఊగడం ఆగింది. అక్కడితో అయిపోతే ఈ రాత ఉండేది కాదు.

ఆ ఎర్త్ వెతుక్కుంటూ చాసిస్ వెంట వైరు పట్టుకుని వెళ్తే గుడ్డ తొడుగు చేతికొచ్చింది. లోపలి రబ్బరు నానబెట్టిన మినపప్పు పొట్టులా రాలిపోతోంది. కొన్నిచోట్ల రాగి బయటపడి ఉంది. ఆ కాలం బళ్లకి ఫ్యూజులు కూడా లెక్కకి రెండో మూడో. ఇలాంటి బండిలో పెళ్లివాళ్లని ఎక్కించడమా అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మామూలు దారి అందరికీ తెలిసిందే. పాతదంతా పీకి పారేసి కొత్త పీవీసీ వైరు లాగి, నల్ల టేపు చుట్టేయడం. రెండు రోజుల్లో బండి బయటికి పోతుంది, మీ బళ్లు లైన్లోకి వస్తాయి. పెద్దాయనతో అదే చెప్పాను. ఆయన కాదనలేదు. బానెట్ లోపల గుడ్డ వైరు మీద చెయ్యి పెట్టి, "ఈ ముడి మా నాన్న వేసింది బాబూ, రాత్రిపూట నేను లాంతరు పట్టుకున్నాను" అన్నాడు. అంతే అన్నాడు. నేను నాలుగు రోజులు ఆ లారీ జోలికి వెళ్లలేదు, మిగతా పనులు చేస్తున్నట్టు నటించాను. మా ఆవిడ అడిగింది, "రెండు రోజుల కూలీకి అంత ఆలోచనెందుకు?" అని. మా కుర్రాడైతే పీకేద్దామని కట్టరు పట్టుకుని నిలబడ్డాడు. ఒప్పుకుంటే స్కూలు వ్యాన్లు నాలుగు ఆ వారమే అయిపోయేవి. కాదంటే మీ అందరి మాటా పడాలి. పైగా ఎక్కువ డబ్బు అడగలేను, 14,000 అని ముందే మాటిచ్చేశాను.

చివరికి మూడో దారి పట్టాను. ఒక్కో వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కాగితం మీద గీసుకుని, లోపల అంతా కొత్త రాగి వైరు వేసి, పైన మోటారు వైండింగ్ వాళ్ల దగ్గర దొరికే కాటన్ స్లీవ్ తొడిగాను. చూస్తే పాతది, లోపల కొత్తది. ఫ్యూజు బాక్సు డాష్‌బోర్డు వెనక కనబడకుండా పెట్టాను. వాళ్ల నాన్న వేసిన ఆ ముడి మాత్రం కొయ్యలేదు, కరెంటు లేకుండా అలాగే ఉంచాను. దీనికి పదకొండు రోజులు పట్టింది. అది వ్యాపారం కాదని మీరంటే నేనేమీ అనలేను, కానీ తప్పని మాత్రం ఒప్పుకోను. శనివారం లారీ ఆగింది వైరింగ్ వల్ల కాదు. టీకొట్టు దగ్గర "వైరింగ్ కాలిపోయింది" అన్నవాళ్లు వచ్చి బానెట్ తెరిచి చూసుకోవచ్చు.

ఆగింది డీజిల్ లేక. మీటరు సగానికి కొంచెం కింద చూపిస్తుండగా.

ట్యాంకులో ఒక ఫ్లోటు, దానికో తీగచెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి కదిలితే చిన్న వైండింగ్ (తీగచుట్ట) మీద ఓమ్‌లు మారతాయి, ఆ లెక్కన డాష్‌బోర్డులో ముల్లు కదులుతుంది. ఈ మీటరుకి ఖాళీ ట్యాంకైతే 73 ఓమ్‌లు, నిండితే 10. పాత యూనిట్ వైండింగ్ మధ్యలో తెగిపోయింది. పాత బళ్ల సామాన్లు అమ్మే ఒకాయనకి (మన ఊరు కాదు, పేరు అనవసరం) ఫోటోలు, కొలతలు, ఓమ్‌లు అన్నీ పంపాను. "సేమ్ టు సేమ్ ఉంది సార్" అన్నాడు. వారం తర్వాత వచ్చింది. పెట్టి చూస్తే ఖాళీకి 10, నిండుకి 180. పూర్తిగా ఉల్టా. ట్యాంకు నిండా పోసుకుంటే అయిపోయిందని, అయిపోతే నిండా ఉందని చూపించే సరుకు. ఫోన్ చేస్తే "కలర్ సేమ్ ఉంది కదా సార్" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడితో అనే మాటా అది? వాపసు పంపాను, కొరియర్ ఖర్చు నాదే. రెండోది రావడానికి ఇంకో ఆరు రోజులు. ఈసారి ఓమ్‌లు సరిపోయాయి. బల్ల మీద పెట్టి చెయ్యి కిందనుంచి పైదాకా ఆడిస్తే 73, 10, మధ్యలో ఎక్కడా తెగలేదు. పెళ్లికి వారం ఉంది. బిగించేశాను.

ఇక్కడే నా తప్పు.

పాత యూనిట్ చెయ్యికి పక్కకి ఒక వంపు ఉండేది. ఎప్పుడో ఎవరో పీకేటప్పుడు వంగిపోయిందనుకున్నాను. కొత్తదానికి చెయ్యి తిన్నగా ఉంది, బాగుందనుకున్నాను. ట్యాంకు లోపల డీజిల్ ఊగకుండా అడ్డంగా ఒక రేకు ఉంటుంది, దానికి మడత అంచు ఉంది. ఆ అంచుకి తగలకుండా పోవడానికే అప్పటివాళ్లు ఆ చెయ్యిని వంచారు. నేను బిగించిన యూనిట్ ఫ్లోటు కిందికి దిగుతూ ఆ అంచు మీద కూర్చుండిపోయింది. ట్యాంకు 90 లీటర్లది. రెండు డబ్బాలు, 40 లీటర్లు పోసి స్విచ్ వేశాను. ముల్లు సగానికి కొంచెం కింద నిలబడింది. లెక్క సరిగ్గా సరిపోయింది కదా! పొయ్యకముందు ఒకసారి స్విచ్ వేసి ఉంటే, ఖాళీ ట్యాంకుకి కూడా ముల్లు అక్కడే ఉందని తెలిసేది. వెయ్యలేదు.

ఇంకో మాట చెప్పాలి, ఇది చెప్పకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. శుక్రవారం పెద్దాయన ఫోన్ చేశాడు. అనకాపల్లి వెళ్లి శుభలేఖలు పంచి వచ్చారట, సింహాచలం కూడా వెళ్లొచ్చారట. "ముల్లు అసలు దిగట్లేదు బాబూ, మా నాన్న కాలంలో కూడా ఇంత మైలేజీ లేదు" అని మెచ్చుకున్నాడు. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చే ఇంజను అది. నేను నవ్వి, "మన పని అలా ఉంటుంది మాస్టారూ" అన్నాను. ఆ మాట శనివారం గాజువాక నుంచి తొట్లకొండ దాకా బైకు మీద వెళ్తున్నంతసేపూ చెవుల్లో మోగుతూనే ఉంది.

డీజిల్ బండి అయిపోయాక పోస్తే స్టార్టవదని డ్రైవర్లకి చెప్పక్కర్లేదు. లైన్లోకి గాలి చేరుతుంది. ఫిల్టరు స్క్రూ వదులు చేసి చేత్తో పంపు కొట్టడం, బుడగలు పోయేదాకా ఆగడం, తర్వాత పంపు, తర్వాత ఇంజెక్టర్ల నట్లు. నలభై నిమిషాలు పట్టింది. పెళ్లికొడుకుని ఈలోగా ఎవరి కారులోనో పంపించేశారు. మేళం వాళ్లు దిగి రోడ్డు పక్కన కూర్చున్నారు. పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్లు నా చేతుల వంక, షర్టు వంక చూస్తుంటే తలెత్తలేకపోయాను. పెద్దాయన ఒక్కమాట అనలేదు. ముహూర్తం తప్పలేదు, అదొక్కటే అదృష్టం.

సోమవారం ట్యాంకు దింపాను. ఇత్తడి ఫ్లోటు అడుగున గోరంత గీత, కొత్తగా రుద్దుకుని మెరుస్తోంది. పాత చెయ్యి చూసుకుంటూ కొత్తదానికి అదే వంపు వేశాను. ఈసారి ఖాళీ ట్యాంకుకి 73 చూపించింది. ఐదేసి లీటర్ల చొప్పున పద్దెనిమిదిసార్లు పోసి, ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో అట్టముక్క మీద రాసి, ఆ అట్ట డాష్‌బోర్డు కింద అతికించాను. సామాన్ల ఆయనకి ఫోన్ చేస్తే, "వంపు మీరే వేసుకోవాలి కదా సార్" అన్నాడు. అది నిజమే కావచ్చు. ఆ నోటినుంచి వినాల్సి రావడమే కష్టంగా ఉంది. ఆయన దగ్గర ఇక కొనను.

పెద్దాయన దగ్గర తీసుకున్న 14,000లో మీటరు పని తాలూకు డబ్బు తిరిగి ఇచ్చేశాను. వైరింగ్ డబ్బు ఉంచుకున్నాను, ఆ పని బాగుంది కాబట్టి.

ఇక మీ బళ్లు. స్కూలు వ్యాన్లు నాలుగూ రేపు రాత్రికల్లా అయిపోతాయి, మా బావమరిదిని కూడా పిలిపించాను. పోర్టుకి తిరిగే లారీల సెల్ఫ్, డైనమో పనులు శుక్ర, శనివారాల్లో. అడ్వాన్సు ఇచ్చి విసిగిపోయినవాళ్లు వచ్చి డబ్బు తీసుకెళ్లొచ్చు, మొహం చిన్నబుచ్చుకోను. ఇకమీదట పాత బళ్ల పని ఆదివారాలు మాత్రమే, అదీ రోజుల లెక్క ముందు చెప్పకుండా. మానెయ్యమని చాలామంది చెప్పారు. మానను.

మూడు నెలలుగా నా దగ్గర మీటరు మార్పించుకున్నవాళ్లు ఒకసారి వచ్చి వెళ్లండి, డబ్బులేం ఇవ్వక్కర్లేదు. రాలేనివాళ్లు ట్యాంకు బాగా తగ్గినప్పుడు బంకుకి వెళ్లి, పోసే ముందు ముల్లు ఎక్కడుందో, పది లీటర్లు పోశాక ఎక్కడికి వచ్చిందో చూసుకుని ఫోన్ చేయండి.

ఈ ఆదివారం మాత్రం షాపు ఉండదు. రిసెప్షన్‌కి పెద్దాయన స్వయంగా వచ్చి పిలిచాడు. లారీ మీదే వస్తున్నారట. బైకుకి ఒక డీజిల్ డబ్బా కట్టుకుని వెళ్లమని మా ఆవిడ అంటోంది. కట్టను.