ముందు దాని ఇంటి సంగతి చూడు

బుజ్జమ్మా,

నువ్వు పంపిన వీడియో మీ అమ్మ చూసింది. "ఇది ఉడుమును తెచ్చి ఇంట్లో పెట్టుకుందా!" అని గంటసేపు నా మీద అరిచింది, తెచ్చింది నేనే అన్నట్టు. ఉడుము కాదే, దాన్ని టేగూ అంటారు, అర్జెంటీనా, బ్రెజిల్, ఉరుగ్వే వైపు దాని సొంతూరు, చూపుకి మన ఉడుములా ఉంటుంది గానీ కుటుంబం వేరు అని చెప్పాను. "ఏదైతేనేం, మీద పడితే ఏం ఫలితమో పంచాంగంలో చూడండి" అంది. నాలుగడుగులు పెరిగే బల్లికి అందులో ఫలితం రాయలేదని చెప్పి బయటపడ్డాను.

ఫోన్‌లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అంటూ మీటింగ్‌లోకి వెళ్ళిపోతావు. అందుకే రాస్తున్నాను. సర్వీసంతా గేదెలూ ఆవులూ మేకలూ చూసినవాణ్ణి, బల్లులకు వైద్యం చేసింది లేదు. కానీ నువ్వు దాన్ని తెచ్చిన దగ్గర్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను. రిటైరైనవాడికి ఇంతకంటే పనేముంది.

ఫోన్ చేసినప్పుడల్లా ఏం తినిపించాలి అనే అడుగుతున్నావు. తిండి తర్వాత. మనకి తిన్న అన్నమే ఒంట్లో వేడి పుట్టిస్తుంది. దానికి ఆ వేడి బయటి నుంచి రావాలి. రాకపోతే తిన్నది కడుపులోనే కుళ్ళుతుంది, చిన్న జబ్బు చేసినా తట్టుకోలేదు. కాబట్టి నువ్వు పెట్టే ఎన్‌క్లోజర్, అదే దాన్ని ఉంచే పెట్టె, దాని ఒంట్లో సగం అనుకో. (ఒక తమాషా చెప్పనా? జత కట్టే కాలంలో మాత్రం టేగూ తన ఒంట్లోనే కొంత వేడి పుట్టించుకుంటుందట. తెల్లవారుజామున బొరియలో చుట్టూ ఉన్న గాలి కంటే పది డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చగా ఉంటుందని 2016లో ఒక పరిశోధనలో తేలింది. చదివి ముచ్చటపడ్డాను. అది చూసి నువ్వు ల్యాంపులు తగ్గించకు.)

దీపం కింద అది పడుకునే రాయి మీద 100 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. పెట్టె రెండో చివర 75-80కి దిగాలి. ఒళ్ళు కాగాక అది తనంతట తానే చల్లటి వైపుకి నడిచిపోవాలి, అందుకు చోటుండాలి. గోడకి అతికించే గుండ్రటి మీటరు గాలి సంగతి చెబుతుంది తప్ప రాయి సంగతి చెప్పదు. వస్తువుల వేడి కొలిచే గన్ ఒకటి కొనుక్కో. కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టిన రకం ఇక్కడ పనికిరాదు.

వేడి ల్యాంపుతో పాటు యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ల్యాంపు కూడా కావాలి, పొడుగు ట్యూబు రకం. మధ్యలో అద్దం అడ్డముంటే ఆ కిరణాలు దాదాపు లోపలికి రావు. అందుకని "కిటికీ పక్కన పెట్టాను, ఎండ పడుతోందిగా" అని నువ్వు అనుకోవడం దండగ. పైగా అద్దాల పెట్టెని ఎండలో పెడితే లోపల జంతువు ఉడికిపోతుంది. ట్యూబు వెలుగుతూ కనిపిస్తున్నా కిరణాలు సన్నగిల్లిపోతాయి. ఏడాదికోసారి మార్చు, పెట్టిన తేదీ దాని చివర మార్కర్‌తో రాసిపెట్టు.

దీని మీద ఇంత పట్టుపడుతున్నానంటే కారణం ఉంది. చిన్నప్పుడు నా స్కూటర్ వెనక కూర్చుని వచ్చేదానివి, పాలజ్వరం వచ్చిన గేదెను చూసే ఉంటావు. ఈనిన ఒకటి రెండు రోజులకి ఒళ్ళు చల్లబడి, మెడ డొక్కవైపు తిప్పుకుని కూలబడుతుంది. నరంలోకి కాల్షియం సీసా మెల్లగా ఎక్కిస్తుంటే మొదట ఒళ్ళు వణుకుతుంది, తర్వాత త్రేన్చుతుంది, పేడ వేస్తుంది, కాసేపటికి లేచి నిలబడుతుంది. ఇంటివాళ్ళు నాకు దండం పెట్టేవాళ్ళు. నీ టేగూకి అలాంటి మంత్రం సీసా లేదు. తిండిలోని కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి, ఆ డి3 యూవీబీ పడితేనే చర్మంలో తయారవుతుంది. అది లేకపోతే ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. వేళ్ళు అదురుతాయి, కింది దవడ నొక్కితే వంగుతుంది, కాళ్ళు వంకరపోతాయి. తర్వాత మందులిస్తే ప్రాణం నిలుస్తుందేమో గానీ వంకర మాత్రం పోదు.

ఇక తిండి. పిల్ల కాబట్టి ఇప్పుడు రోజూ పెట్టాలి, ఎక్కువగా పురుగులు. పురుగుల్లో కాల్షియం తక్కువ, కాల్షియం పౌడర్ చల్లకుండా పెట్టకు. గుడ్డు ఉడికించి పెట్టు. పచ్చి తెల్లసొన రోజూ పడితే బయోటిన్ అనే విటమిన్ ఒంటికి పట్టదు. చేప, టర్కీ కోడి కైమా, బొప్పాయి, మామిడి, బెర్రీలు అన్నీ తింటుంది. గడ్డకట్టించి అమ్మే ఎలుకలు కూడా మంచివే, బొమికల్లోని కాల్షియంతో సహా కడుపులోకి పోతాయి కదా. వాటిని నీ ఫ్రీజర్‌లో పెడతావని మీ అమ్మకి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో వద్దు. నువ్వు వండుకోగా మిగిలిపోయిన కూరలు అసలే వద్దు. పెద్దదయ్యాక వారానికి రెండు మూడు సార్లు చాలు. అడిగినప్పుడల్లా పెడితే ఊబకాయం వస్తుంది. చేత్తో తినిపించకు, పట్టకారు వాడు. చెయ్యి కనపడితే తిండి అని ఒకసారి అలవాటైందా, ఆ దవడల బలం నీ వేలికి తెలుస్తుంది.

కింద అడుగు లోతుకి తగ్గకుండా మట్టి, సైప్రస్ మల్చ్ (ఆ చెట్టు చెక్కపొట్టు) నింపు, అది తవ్వుకుంటుంది. తేమ 70-80 శాతం ఉండాలి. నీ ఏసీ గాలికి ఆ తేమ నిలవదు, మట్టి తడుపుతూ ఉండు. తేమ చాలకపోతే కుబుసం సరిగ్గా ఊడదు. పెద్ద ముక్కలు పోయాయి కదా అని వదిలేయకు, ఒక్కొక్క వేలూ, తోక చివరా దగ్గరగా పెట్టుకుని చూడు. వేలి చుట్టూ పలుచటి పొర ఒకటి ఉంగరంలా మిగిలిపోతుంది. అది ఎండి బిగుసుకుంటే రక్తం ఆగి వేలు నల్లబడి రాలిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి తడిగుడ్డతో మెల్లగా రుద్దు. ఎండినదాన్ని మాత్రం లాగకు.

మచ్చిక గురించి తొందరపడకు. పైనుంచి చెయ్యి దింపితే దానికి అది గద్ద. పక్కనుంచి, నేలమీదుగా పోనివ్వు. నువ్వు కట్టి విడిచిన టీషర్టు ఒకటి లోపల పడేస్తే నీ వాసన అలవాటవుతుంది. తోక పట్టుకోకు, పిల్లలప్పుడు తెగిపోతుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, దాని గిన్నెలు వంటింటి సింక్‌లో కడగకు, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. తలా ఒక వంట తెచ్చుకునే మీ పాట్‌లక్ విందుకి వచ్చేవాళ్ళలో అయిదేళ్ళలోపు పిల్లలుంటే ఆ గది తలుపు వేసెయ్యి. వాళ్ళు ఏడ్చినా సరే.

చలికాలం వచ్చేసరికి తిండి మానేసి మట్టిలో దూరి నెలల తరబడి పడుకోవచ్చు. అది దాని స్వభావం, టెన్షన్ పడకు. కొన్ని మొదటి ఏడాది పడుకోవు. కానీ ఆ లోపు పేడ పరీక్ష చేయించు. బల్లుల్ని చూసే డాక్టర్ కావాలి, కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవాళ్ళందరూ వీటిని చూడరు. జబ్బు పడ్డాక వెతుక్కోకుండా ఇప్పుడే కనుక్కో. 2021 ఫిబ్రవరిలో మీ టెక్సాస్‌లో కరెంటు పోయి జనం చలికి అల్లాడారు కదా, అలాంటప్పుడు దీన్ని ఏం చేస్తావో కూడా ముందే ఆలోచించు. థర్మోకోల్ పెట్టె, తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసాలు సిద్ధంగా ఉంచు. వేడి లేని రోజుల్లో తిండి పెట్టకు.

ఇప్పుడు స్కేలంత ఉంది, తల ఆకుపచ్చగా ముద్దుగా ఉంది. ఆ పచ్చదనం కొన్ని నెలల్లో పోతుంది. మగదైతే నాలుగడుగులు దాటుతుంది. అప్పుడు దానికి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టె కావాలి. నీ సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అదెక్కడ పెడతావు? బతికేది 15 నుంచి 20 ఏళ్ళు. రేపు ఫ్లోరిడాలో ఉద్యోగమొస్తే తీసుకెళ్ళలేవు. అక్కడ పారిపోయినవీ వదిలేసినవీ అడవిలో పిల్లలు పెట్టి, మొసళ్ళ గుడ్లూ తాబేళ్ళ గుడ్లూ తినేస్తుంటే 2021లో పెంచడాన్నే నిషేధించారు. జార్జియా, అలబామా, సౌత్ కరోలినాల్లోనూ ఆంక్షలున్నాయి. ఇండియాకి తెస్తానని కూడా అనకు, ఇక్కడి పర్మిషన్ల గొడవ నీకు తెలియదు. పెంచలేనంత పెద్దదైతే దాన్ని తీసుకునే రెస్క్యూ వాళ్ళకి ఇవ్వు. ఊరి బయట వదిలి వచ్చావని మాత్రం నేను వినకూడదు.

రేపు పొద్దున ల్యాంపు వేసిన గంటకి రాయి మీదా, చల్లటి చివరా వేడి కొలిచి రెండు అంకెలూ నాకు వాట్సాప్ చెయ్యి. యూవీబీ ట్యూబు డబ్బా ఫోటో కూడా పంపు, ఏ రకం ఇచ్చారో చూస్తాను. రాత్రిపూట దీపాలన్నీ ఆర్పెయ్, దానికీ చీకటి కావాలి.

ఆశీస్సులతో,
నాన్న