జూన్‌టీన్త్ అంటే రంగులేసే కాగితమేనా సూపరింటెండెంట్ గారూ?

మా స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ గారికి నమస్కారం.

ఇంగ్లీషులో మూడు మెయిళ్లు పెట్టాను. మూడింటికీ "అందింది, థాంక్స్" అని మిషన్ జవాబే. చదవనివాళ్లకి ఏ భాషైతే ఏమిటని ఈసారి తెలుగులో రాస్తున్నా. కనీసం మా డల్లాస్ తెలుగువాళ్లయినా చదువుతారు.

మావాడు నాలుగో తరగతి. టెక్సస్ చరిత్ర చెప్పేది ఈ ఏడే. టెక్సస్ స్వాతంత్ర్య యుద్ధం నాటి అలమో కోటకి మూడు వారాలు పట్టింది. అట్టముక్కలతో కోట కట్టించారు, గ్లూ గన్‌తో నా వేలు కాలింది కూడా. టెక్సస్‌లో బానిసలకు విముక్తి ప్రకటించిన జూన్ 19 పండగ, అదే జూన్‌టీన్త్‌కి మాత్రం మే ఆఖర్లో ఒక్క కాగితం. జెండా బొమ్మకి ఎరుపు, నీలం వేసి నక్షత్రాన్ని తెల్లగా వదిలేయాలట. కింద ఒకే వాక్యం: జనరల్ గ్రాంజర్ బానిసలకు స్వేచ్ఛ ఇచ్చాడు.

ఇచ్చాడా సార్? లింకన్ విముక్తి ప్రకటన వచ్చింది 1863 జనవరి 1న. ఈ గ్రాంజర్ సైన్యంతో టెక్సస్ రేవు గాల్వెస్టన్‌కి వచ్చి, బానిసలు ఇక స్వతంత్రులని ఉత్తర్వు జారీ చేసింది 1865 జూన్ 19న. మధ్యలో అమలు చేసే దిక్కులేక టెక్సస్‌లో రెండున్నర లక్షల మంది చాకిరీ చేస్తూనే ఉన్నారు. "ఆ రెండున్నరేళ్ల కూలి ఎవరిచ్చారు నాన్నా?" అని మావాడు అడిగాడు. టీచర్‌ని అడగమన్నాను. టైమ్ లేదన్నారట.

ఆ ఉత్తర్వులోనే, ఉన్నచోటే గుట్టుగా ఉండి కూలికి పనిచేసుకోండి, ఖాళీగా కూర్చుంటే పోషించం అని కూడా ఉంది. ఫోన్లో చదివి వినిపిస్తే మా నాన్న "అచ్చం మా దొర మాటే" అన్నారు. మా తాత నల్లగొండలో దొర దగ్గర పాలేరుగా జీతమున్న మనిషి లెండి.

అడిగినప్పుడల్లా మీ ఆఫీసువాళ్లది ఒకటే పాట: జూన్ 19 వేసవి సెలవుల్లో వస్తుందని. మరి స్వాతంత్ర్య దినం జులై 4 ఎప్పుడొస్తుంది సార్? అదేమిటో తెలియని పిల్లాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. జూన్‌టీన్త్‌కి 1980 నుంచీ ఈ రాష్ట్రంలో సెలవిస్తున్నారు, ఎందుకిస్తున్నారో చెప్పడానికే తీరిక లేదు. పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో నల్లజాతి పెద్దావిడ ఓపల్ లీ గారున్నారు. ఆమె చేసిందీ బడి ఉద్యోగమే. ఆమెకి పన్నెండేళ్లప్పుడు, 1939లో సరిగ్గా జూన్ 19నే, తెల్లవాళ్ల అల్లరిమూక వాళ్ల ఇంటిని తగలబెట్టింది. ఎనభై తొమ్మిదేళ్లప్పుడు ఈ రోజుని దేశమంతటా సెలవు చేయాలని వాషింగ్టన్‌కి నడక మొదలుపెట్టారు. ఆమె పేరైనా ఆ కాగితం మీద వేయలేకపోయారా?

పోయిన అక్టోబర్ మీటింగులో "ఈసారి తప్పకుండా" అన్నారు. మే కూడా అయిపోయింది. నేనడిగేది రెండు క్లాసులు, పోనీ ఒక్కటి. చిన్నవాడు వచ్చే ఏడు నాలుగుకొస్తున్నాడు. వాడికీ అదే కాగితం ఇవ్వకండి, దండం పెడతాను.

ఇట్లు,
జవాబు రాని ఒక తండ్రి