హెవీ లైసెన్స్ పరీక్షకు మిట్ట మీద నేర్చుకోండి

సంపాదకులకు నమస్కారం.

నేను 22 ఏళ్లుగా లారీ నడుపుతున్నాను. మామిడి సీజన్‌లో దామలచెరువు మండీ నుంచి తోతాపురి కాయ చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుతాను, మిగతా రోజుల్లో మదనపల్లె టమోటా. మా వీధిలో కుర్రవాళ్లు నలుగురు ఇప్పుడు లారీ, బస్సు లాంటి పెద్ద బండ్లు నడిపే హెవీ లైసెన్స్ పని మీద తిరుగుతున్నారు. నన్ను అడిగేది ఒక్కటే, "అన్నా, ట్రాక్‌లో స్టీరింగ్ ఎంత తిప్పాలి?" అని. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

కాగితాల సంగతి అందరికీ తెలిసిందే. 20 ఏళ్లు నిండాలి, కారు లైసెన్స్ వచ్చి ఏడాది కావాలి, డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్, డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి, ఎల్ఎల్ఆర్ (నేర్చుకోవడానికి ఇచ్చే లైసెన్స్) వచ్చిన 30 రోజులకు గానీ పరీక్షకు వెళ్లలేం. అసలు కష్టం బండి ఎక్కాక ఉంటుంది.

నేను మొదటిసారి ఫెయిలయ్యాను. మిట్ట మీద ఆపి మళ్లీ కదిలించమన్నారు, బండి రెండడుగులు వెనక్కి జారింది, పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దిగిపొమ్మన్నారు. నేను నేర్చుకున్న స్కూల్లో ఖాళీ లారీతో చదును నేల మీద నాలుగు రౌండ్లు తిప్పించి డబ్బు తీసుకున్నారు, మిట్ట అనేదే చూపించలేదు. 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన చదివితే పరీక్షలో ఏం చేయించాలో స్పష్టంగా ఉంది: ఎక్కుడులో ఆపి వెనక్కి జారకుండా కదిలించడం, దిగుడులో త్వరగా గేరు తగ్గించడం, ఇరుకు సందులోకి రివర్స్ తీయడం. ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. ఆ వారమంతా మా సీనియర్ డ్రైవర్ నన్ను ఒక మిట్ట దగ్గరే ఉంచాడు. హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ మెల్లగా వదులుతూ పోతే ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బండి ముందుకు లాగుతున్నట్టు ఒంటికి తెలుస్తుంది, బ్రేక్ వదలాల్సింది అప్పుడే. చెవితో, పాదంతో నేర్చుకోవాల్సిన పని ఇది, పది రోజులైనా పడుతుంది.

ఎక్కే ముందు బండి చుట్టూ తిరిగి టైర్లు, వీల్ నట్లు, లైట్లు, ఆయిల్ కారుతోందా అన్నది చూడండి, చూస్తున్నది ఇన్‌స్పెక్టర్‌కు వినిపించేలా చెప్పండి. లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, అందుకే స్టార్ట్ చేశాక మీటర్‌లో ఎయిర్ ఎక్కేదాకా ఆగండి. టెన్షన్‌లో చాలామంది మరిచిపోయేది ఇదే. రివర్స్ అయితే క్లీనర్ లేకుండా నేర్చుకోండి. "రానీ, రానీ" అనే కేకకు అలవాటు పడినవాడు పరీక్ష రోజు రెండు అద్దాలూ ఉన్నా ఏం చూడాలో తెలియక నిలబడిపోతాడు. ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, ఆ పక్క అద్దంలో టూవీలర్ ఉందేమో చూడకుండా తిప్పొద్దు.

దిగుడు గురించి గట్టిగా చెప్పాలి. పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లను నేను కళ్లారా చూశాను. గేరు లేకపోతే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, చక్రాల్లోని బ్రేక్ డ్రమ్ములు కాలిపోయి చివరి మలుపు దగ్గర పెడల్ తొక్కినా బండి ఆగదు. 2024 సెప్టెంబరులో ఆ ఘాట్‌లోనే బస్సు, లారీలు ఢీకొని ఎందరో చనిపోయారు. ఆ దారిలో వెళ్లిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు, ఘాట్ మొదట్లోనే వేసుకోవాలి.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. మన చిన్న స్కూళ్లు అందులో సగమైనా నేర్పాలని నా విన్నపం. కుర్రవాళ్లూ, డబ్బు కట్టే ముందే అడగండి: స్టీరింగ్ నా చేతికి ఎన్ని గంటలు ఇస్తారు, మిట్ట మీద నేర్పిస్తారా, ఒక్కరోజైనా లోడు బండి తోలనిస్తారా? సరైన జవాబు రాకపోతే ఇంకో స్కూల్ చూసుకోండి.

– ఒక లారీ డ్రైవర్, బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా