సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక: 24 గంటల రైడ్, మన దారికి సరిపడే కొలత

గౌరవ సభ్యులకు నమస్కారం.

గడిచిన ఏడాది మన మోటారు సైకిల్ రైడర్ల సంఘం చేసిన పనులనూ, చేయబోయి చేయలేకపోయిన వాటినీ ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాను. నెలవారీ రైడ్‌లు ఎప్పటిలాగే శ్రీశైలం, మారేడుమిల్లి, సూర్యలంక వైపు సాగాయి. వాటి ఫొటోలు అందరూ చూసినవే కాబట్టి ఇక్కడ మళ్లీ వర్ణించబోవడం లేదు. నివేదికలో పెద్ద భాగం డిసెంబరులో చేసిన 24 గంటల రైడ్‌కే కేటాయించాను. ఈ రోజు మీరు ఓటు వేయవలసిన తీర్మానం ఆ రాత్రి నుంచే పుట్టింది కనుక, జరిగింది జరిగినట్టు చెప్పకుండా దాని మీద చేయి ఎత్తమని అడగడం సబబు కాదు.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ముందుగా రెండు మాటలు. అమెరికాలో 1984లో ఐరన్ బట్ ర్యాలీ మొదలైంది. 11 రోజుల్లో సుమారు 11,000 మైళ్లు తిరిగే ఆ ర్యాలీ వెనకున్న సంఘమే దూరప్రయాణ రైడర్లకు ధ్రువపత్రాలు కూడా ఇస్తుంది. వాటిలో అందరూ మొదట ప్రయత్నించేది శాడిల్‌సోర్ 1000, అంటే 24 గంటల్లో 1,000 మైళ్లు, మన లెక్కలో 1,610 కిలోమీటర్లు. దాని పై మెట్టు 36 గంటల్లో 1,500 మైళ్లు, అంటే 2,414 కిలోమీటర్లు. ఎవరు ముందు వచ్చారన్న లెక్క ఇందులో ఉండదు. బయలుదేరిన చోట, దారి మలుపుల్లో, చేరిన చోట తీసుకున్న పెట్రోలు బిల్లులు, మీటరు రీడింగు, సాక్షుల సంతకాలు చూపించి, చెప్పిన దూరాన్ని చెప్పిన గడువులో పూర్తి చేశామని రుజువు చేసుకోవాలి. దూరప్రయాణం మన తెలుగువారికి కొత్తేమీ కాదు. విశాఖపట్నానికి చెందిన భరద్వాజ్ దయాల 2006లో హీరో హోండా కరిజ్మా మీద ఒంటరిగా బయలుదేరి, ఏడాదిన్నర పాటు దేశదేశాలు తిరిగి వచ్చారు. అయితే ఆయన ప్రయాణంలో గడియారానికి పని లేదు, అలసిన చోట ఆగారు. మనం ఎంచుకున్న ఆటలో గడియారమే ఎదుటి పక్షం.

డిసెంబరులో ఒక శుక్రవారం రాత్రి 10 గంటలకు ఆరుగురు సభ్యులు విజయవాడ శివారులోని పెట్రోలు బంకులో మొదటి బిల్లు తీసుకుని, 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా కటక్ వరకు వెళ్లి తిరిగి రావాలని బయలుదేరారు. రానూపోనూ 1,630 కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. రాత్రిపూట బయలుదేరాలన్న నిర్ణయం కార్యవర్గానిది, అందులోనూ ముఖ్యంగా నాది. విశాఖపట్నాన్ని తెల్లవారకముందే దాటేస్తే నగరంలో ట్రాఫిక్ తగలదని, తెలియని ఊళ్లైన భువనేశ్వర్, కటక్‌లకు పగటి వెలుతురులో చేరవచ్చని అనుకున్నాం. కాగితం మీద అంతా చక్కగానే కుదిరింది. ఆ ఆరుగురిలో నలుగురు సాయంత్రం దాకా ఉద్యోగం చేసి వచ్చినవాళ్లని, అంటే బండి స్టార్టు చేసేసరికే వాళ్లు నిద్ర లేచి పదహారు గంటలైందని మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

తాడేపల్లిగూడెం దాటినప్పటి నుంచి సర్వీసు రోడ్ల మీద కోతల ధాన్యం ఆరబోసి ఉంది. ధాన్యం ఎత్తుకుపోయిన చోట కూడా దాని చుట్టూ పేర్చిన రాళ్లు అలాగే ఉండిపోతాయి. హెడ్‌లైట్ వెలుగులో అది రాయో నీడో తేలేసరికి బండి దాని పక్కనే ఉంటుంది. తుని దగ్గర పొగమంచు, ఆ తర్వాత వెనక దీపాలు లేకుండా రోడ్డు వారన ఆగి ఉన్న లారీలు, ఇవన్నీ మన వాళ్లకు అలవాటైనవే, అందరూ జాగ్రత్తగానే దాటారు. అసలు ముప్పు ఇవేవీ లేని చోట, ఖాళీగా, తిన్నగా, నున్నగా ఉన్న రోడ్డు మీద ఎదురైంది.

తెల్లవారుజామున 5 గంటలు దాటాక నరసన్నపేట దగ్గర టీకొట్టు ముందు బళ్లు ఆపారు. హెల్మెట్ తీయకుండానే ఒక సభ్యుడు, "అన్నా, మడపాం టోల్‌గేటు ఇంకెంత దూరం?" అని అడిగారు. అది దాటి అప్పటికే పది నిమిషాలైంది. వంశధార వంతెన, టోల్‌గేటు దీపాలు, ద్విచక్ర వాహనాల కోసం ఎడమ చివర వదిలే సన్నటి దారి, ఆ దారికి రెండు పక్కలా కాంక్రీటు దిమ్మెలు, వీటన్నిటి మధ్య నుంచి ఆయన బండి తిన్నగానే వచ్చింది. వాటిలో ఏ ఒక్కటీ ఆయనకు గుర్తు లేదు. ముందు బండి వెనక దీపం ఒక్కటే గుర్తుందన్నారు. టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణకలేదు, మాట తడబడలేదు. చూసేవారికి ఆయన పూర్తి మెలకువలోనే ఉన్నారు.

ఆయన రైడ్‌ను అక్కడే ఆపేశారు. తోడుగా మరో సభ్యుడు ఉండిపోయారు. ఇద్దరూ పక్కనున్న డాబాలో నులక మంచాల మీద పొద్దెక్కే దాకా పడుకుని, నింపాదిగా నడుపుకుంటూ ఆ రాత్రికి ఇల్లు చేరారు. మిగిలిన నలుగురిలో ఒకరికి బరంపురం దగ్గర వెనక చక్రం పంక్చరై, ట్యూబు ఉన్న టైరు కావడంతో చక్రం విప్పి అతుకు వేయించేసరికి రెండు గంటలు పోయింది. ఆయన 27 గంటలకు చేరారు. ముగ్గురు మాత్రం గడువులోపు పూర్తి చేశారు. ఆ ముగ్గురికీ అభినందనలు. అయితే ఈ ఏడాది సంఘంలో తీసుకున్న అన్నిటికన్నా మంచి నిర్ణయం నరసన్నపేట టీకొట్టు దగ్గర జరిగిందని కార్యవర్గం ఏకగ్రీవంగా భావించింది. ఇకపై మన రైడ్ పుస్తకంలో "విఫలం" అన్న గడి ఉండదు. దాని బదులు "ఆపివేశారు" అని, కారణంతో సహా రాస్తాం.

దీని మీద ఒక వైద్యుణ్ణి పిలిపించి మాట్లాడించాం. రాత్రి 2 నుంచి 6 గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్య శరీరం తనంతట తానే నిద్రకు వాలుతుందని, ఆ వేళల్లో కళ్లు తెరిచి ఉన్నా మెదడు కొన్ని సెకన్ల పాటు కునుకు తీయగలదని, కునుకు తీసిన సంగతి ఆ మనిషికి తెలియదని ఆయన వివరించారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకంటే దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపని బండి. రాత్రివేళ హైవే మీద వాహనాలు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించే "ఫేస్ వాష్ అండ్ గో" మన పోలీసులు చేపట్టిన మంచి పని, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ చల్లటి నీళ్లు ఇచ్చే మెలకువ కొద్ది నిమిషాలదే. కాఫీ అయినా ఒంటికి పట్టడానికి 20 నుంచి 30 నిమిషాలు తీసుకుంటుంది కాబట్టి, తాగి వెంటనే బండెక్కడం కన్నా, తాగి ఇరవై నిమిషాలు కునుకు తీసి లేవడం మేలని ఆయన సలహా. రోడ్డు పక్క తీసే ఇలాంటి కునుకును అమెరికా రైడర్లు సరదాగా "ఐరన్ బట్ మోటెల్" అంటారు. మనకు బస్సు షెల్టర్లు, గుడి మండపాలు, డాబా మంచాలు ఉన్నాయి, అద్దె కూడా తక్కువే.

ఇక లెక్క చూద్దాం. 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద మోటారు సైకిల్‌కు గంటకు 80 కిలోమీటర్లు, పురపాలక పరిధిలో 60 కిలోమీటర్లు మించకూడదు. ఒక్క క్షణం కూడా వేగం తగ్గకుండా 80లోనే నడిపినా 1,610 కిలోమీటర్లకు 20 గంటల 8 నిమిషాలు పడుతుంది. అలా నడపడం ఎవరి వల్లా కాదు. నడుస్తున్నంత సేపూ సగటున 70 పడిందనుకుంటే 23 గంటలు రోడ్డు మీదే గడిచిపోయి, పెట్రోలుకు, తిండికి, మూత్రవిసర్జనకు, నిద్రకు అన్నిటికీ కలిపి మిగిలేది ఒక గంట. పెట్రోలు కోసం ఆరుసార్లు ఆగి, ఆగినప్పుడల్లా పావుగంట తీసుకున్నా దానికే గంటన్నర కావాలి. పూర్తి చేసిన ముగ్గురి బిల్లులను కార్యవర్గం వరుసగా పేర్చి చూసింది. వారు ఆగిన సమయం మొత్తం మూడు గంటలు. అంటే 1,630 కిలోమీటర్లను 21 గంటల్లో, గంటకు 77 కిలోమీటర్లకు పైబడిన సగటుతో నడిపారన్నమాట. దారిలో అనకాపల్లి, శ్రీకాకుళం, భువనేశ్వర్ సిగ్నళ్లు ఉండగా అంత సగటు రావాలంటే బయట చాలాసేపు 80 దాటి నడపక తప్పదు. ఆ బిల్లుల కట్ట ఒక పక్క ధ్రువపత్రానికి రుజువైతే, మరో పక్క మన మీదే సాక్ష్యం. ఐరన్ బట్ వారు రైడర్లకు ఇచ్చే సలహాల్లోనే పెద్ద వేగాలు మరచిపొమ్మన్న మాట ఉంది. కాకపోతే అక్కడ చాలా రాష్ట్రాల్లో అంతర్రాష్ట్ర రహదారుల మీద గంటకు 70, 75 మైళ్ల వరకు, అంటే 112, 120 కిలోమీటర్ల వరకు అనుమతి ఉంది. వేగం జోలికి పోకుండానే ఆ దూరం అక్కడ సాధ్యం. రాంగ్ రూట్లో ట్రాక్టర్లు, డివైడర్ సందుల్లోంచి గేదెలు వచ్చే మన దారికి ఆ కొలతను అలాగే తెచ్చి అతికించుకోవడంలోనే పొరపాటు ఉంది.

ఇన్సూరెన్స్ సంగతి ఇంతకన్నా చేదైనది. మన ద్విచక్ర వాహనాల పాలసీ కాగితంలో, వాహనాన్ని వాడకూడని పనుల జాబితాలో వ్యవస్థీకృత పందేలతో పాటు వేగ పరీక్ష, రిలయబిలిటీ ట్రయల్స్, అంటే బండి ఎంతవరకు నమ్మకంగా నడుస్తుందో చూసే పరీక్షలు, అన్న మాటలు కూడా ఉంటాయి. ఎవరూ చదవని చిన్న అక్షరాలవి. గడియారం పెట్టుకుని సంఘం పేరుతో నడిపిన రైడ్‌లో ప్రమాదం జరిగితే, ఆ మాటలను కంపెనీ ఎటు లాగుతుందో ఆలోచించుకోవాలి. తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయలు కూడా బండి యజమానే నడిపినప్పుడు వర్తించేది. మిత్రుడి బండి అడిగి తెచ్చుకుని దూరప్రయాణాలకు వచ్చే సభ్యులు ఇది గమనించాలి.

ఈ కారణాల వల్ల కార్యవర్గం ప్రతిపాదిస్తున్న తీర్మానం ఇది. 24 గంటల్లో 1,610 కిలోమీటర్ల రైడ్‌ను సంఘం ఇకపై నిర్వహించదు. ఎవరైనా సొంతంగా చేసుకుంటే వారి ఇష్టం. సంఘం తరఫున 24 గంటల్లో 1,000 కిలోమీటర్ల రైడ్ ఉంటుంది, అందులో ఆరు గంటల ఏకధాటి నిద్ర తప్పనిసరి, బయలుదేరే వేళ ఉదయం 4 గంటలకు ముందు ఉండదు. సగటు 65 పడినా పదిహేనున్నర గంటల్లో దూరం పూర్తయి, ఆగడానికి ఇంకో రెండున్నర గంటలు మిగులుతాయి.

"నిద్రపోయి లేచి నడిపితే అది ఓర్పు పరీక్ష ఎలా అవుతుంది?" అని సీనియర్ సభ్యులు కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు స్వర్ణ చతుర్భుజి. 5,846 కిలోమీటర్ల ఆ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. కనకదుర్గ వారధి దగ్గర మొదటి బిల్లు తీసుకుని కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నై చుట్టి మళ్లీ వారధి దగ్గరే చివరి బిల్లు తీసుకోవచ్చు. ఎనిమిది రోజుల్లో చేస్తే రోజుకు సగటున 730 కిలోమీటర్లు. ముంబయి, పుణె మధ్య ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి అక్కడ పాత రహదారి పట్టాలి. ఒక రాత్రి మెలకువగా ఉండగలమా అన్నదానికన్నా, ఎనిమిదో రోజు ఉదయం నాలుగింటికి మనసారా బండెక్కగలమా అన్నది పెద్ద పరీక్ష అని నా అభిప్రాయం. ఈ ఒక్క వాక్యానికి బాధ్యత నాదే, కార్యవర్గానిది కాదు.

బిల్లుల గురించి ఒక హెచ్చరిక. డిసెంబరు రైడ్‌లో ఒక బంకు మిషను గడియారం రెండు గంటలు వెనక ఉండటంతో, బిల్లు ప్రకారం మన సభ్యుడు ఆ ఊరికి వెనకటి ఊరి కన్నా ముందే చేరినట్టు తేలింది. బిల్లు చేతికి రాగానే తేదీ, సమయం, ఊరు పేరు చూసుకోవాలి, తప్పుంటే పక్కనున్న కొట్లో నీళ్ల సీసా కొని ఇంకో బిల్లు తీసుకోవాలి. థర్మల్ కాగితం ట్యాంక్ బ్యాగులో ఎండకు నల్లబడుతుంది, అక్షరాలు మాయమవుతాయి. మీటరు పక్కన పెట్టి అక్కడికక్కడే ఫొటో తీసుకోండి.

మహిళా సభ్యుల నుంచి వచ్చిన ఫిర్యాదును ఇక్కడ నమోదు చేస్తున్నాను. రాత్రివేళ చాలా బంకుల్లో మరుగుదొడ్డికి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడున్న కుర్రాడికి తెలియదు. దీనివల్ల నీళ్లు తాగడం మానేస్తున్నామని ముగ్గురు చెప్పారు. ఒంట్లో నీరు తగ్గితే తలనొప్పి, నీరసం, చివరికి అదే కునుకు. కాబట్టి ఇది సౌకర్యం మాట కాదు, భద్రత మాట. విజయవాడ, ఇచ్ఛాపురం మధ్య రాత్రంతా మరుగుదొడ్లు తెరిచి ఉండే చోట్ల జాబితాను వారే తయారు చేస్తున్నారు, పూర్తికాగానే అందరికీ అందుతుంది.

ప్రథమ చికిత్స, పంక్చరు శిక్షణలు రెండూ జరిగాయి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైన 108 సేవ అందరికీ తెలిసిందే కానీ, జాతీయ రహదారుల సహాయ నంబరు 1033 సగం మందికి తెలియదని ఆ రోజే బయటపడింది. క్షతగాత్రుణ్ణి ఆసుపత్రికి చేర్చినవారిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోందన్న సంగతి కూడా అక్కడే చెప్పాం. పంక్చరు శిక్షణలో ట్యూబ్‌లెస్ టైరుకు ప్లగ్ వేయడం అందరూ నేర్చుకున్నారు. ట్యూబు టైరు విప్పడం ఇద్దరికే వచ్చింది, అందులో నేను లేను.

జమాఖర్చులను కోశాధికారి విడిగా చదువుతారు. తీర్మానం మీద ఓటింగ్ ఆ తర్వాత ఉంటుంది. సంఘం కొన్న పంక్చరు కిట్లలో ఒకటి, చైన్ బ్రష్ రెండూ మారేడుమిల్లి రైడ్ తర్వాత తిరిగి రాలేదు. తీసుకున్నవారు భోజనాల లోపు ఈ బల్ల మీద పెడితే ఎవరనీ అడగం.