జనరేటర్ కొనబోతే...

సంపాదకులకు నమస్కారం.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరిలోని మా వీధి మూడు రోజులు చీకట్లో మగ్గింది. ఇన్వర్టర్ మొదటి రాత్రికే చేతులెత్తేసింది. అమ్మ ఇన్సులిన్ సీసాలను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచాను. అందుకే ఈసారి వానలకు ముందే చిన్న జనరేటర్ కొందామని బయలుదేరాను.

దుకాణదారు ఐదు కేవీఏ (జనరేటర్ సామర్థ్యపు కొలత; ఒక కేవీఏ అంటే దాదాపు 800-1000 వాట్లు) యంత్రం చూపించి, "ఏసీ కూడా నడుస్తుంది సార్" అన్నాడు. మా ఇంట్లో ఏసీయే లేదు! ఇంటికొచ్చి పాత క్యాలెండర్ వెనక లెక్క వేశాను: రెండు ఫ్యాన్లకు 150 వాట్లు, దీపాలకు 40, ఫ్రిజ్‌కు 150. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది కాబట్టి కొంత ఎక్కువే ఉండాలి. అయినా మాకు రెండు కేవీఏ ధారాళంగా సరిపోతుంది.

డబ్బు సంగతి అలా ఉంచండి. "బాల్కనీలో పెట్టి తలుపు తీసి ఉంచండి, చాలు" అన్నాడాయన. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పైగా రెండు కొసలా ప్లగ్గులున్న తీగ చేతికిచ్చి, గోడ సాకెట్లో గుచ్చమన్నాడు. ఆ కరెంటు బయటి తీగల్లోకి ఎదురెక్కితే స్తంభం మీది లైన్‌మన్ గతేమిటి? ఇంటి వైరింగును బయటి లైను నుంచి విడదీసి జనరేటర్‌కు కలిపే ఛేంజోవర్ స్విచ్ ఊసే నేను అడిగేదాకా ఎత్తలేదు.

తుపాను హెచ్చరికల పక్కనే పొగ గురించీ, ఎదురెక్కే కరెంటు గురించీ ఈ రెండు ముక్కలూ మీరు ప్రచురించగలరా?

- ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై